గోజాతుల గుర్తింపులో రోగనిరోధక జన్యువులు: ఏం తేలింది, ఏం తేలలేదు

పశువు ఏ జాతిదో చెప్పమంటే అనుభవమున్న రైతు మూపురం చూస్తాడు, గంగడోలు చూస్తాడు, కొమ్ముల తీరు, చెవుల పొడవు, నడక చూస్తాడు. దేశంలో పశుజాతులను నమోదు చేసే సంస్థ కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో. అది కూడా మొదట అడిగేది ఇలాంటివే: ఒంటి లక్షణాలు ఏమిటి, ఏ ప్రాంతంలో పుట్టిన జాతి, మందలు ఎన్ని, తరతరాలుగా పెంచుతున్నవాళ్లు ఎవరు అని. అయితే దశాబ్దాలుగా జెర్సీ, హోల్‌స్టీన్ వంటి విదేశీ జాతుల వీర్యపు సూదులు వేయిస్తున్న ఊళ్లలో కంటిచూపు ఒక్కటే చాలడం లేదు. సంకరజాతి ఆవును నాలుగైదు తరాలపాటు మళ్లీ దేశవాళీ ఆబోతులతోనే దాటిస్తే ఆ సంతానం పైకి అచ్చం దేశవాళీలాగే కనిపిస్తుంది. 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో పుంగనూరు ఆవుల ఫొటోలు వెలువడ్డాక పొట్టి ఆవులకు గిరాకీ పెరిగింది. పొట్టిగా ఉన్నదల్లా పుంగనూరేనా అన్న సందేహం కూడా దానితోపాటే పెరిగింది.

అందుకే డీఎన్‌ఏ వైపు చూపు మళ్లింది. కానీ డీఎన్‌ఏలో ఎక్కడ చూడాలి? 1990ల నుంచి గట్టిగా వినిపించిన సమాధానం ఒకటుంది. రోగనిరోధక వ్యవస్థను నడిపే జన్యువుల్లో పశువుకూ పశువుకూ మధ్య తేడాలు అన్నిటికన్నా ఎక్కువ కాబట్టి అక్కడే చూడాలన్నది ఆ సమాధానం. సరిగ్గా ఆ కారణంతోనే అక్కడ చూడకూడదన్నది దానికి ఎదురు వాదం. ఇద్దరి దగ్గరా ప్రయోగశాల ఫలితాలున్నాయి. చాలాసార్లు ఆ ఫలితాలు ఒకటే. చిక్కుముడి ఎక్కడ పడింది, దేన్ని విడదీయగలం, ఏది ఇంకా విడిపోలేదు అన్నది చూడటానికే ఈ సమీక్ష.

రక్తవర్గాల కాలం

రోగనిరోధక శాస్త్రంతో పశువులను గుర్తించే ప్రయత్నం డీఎన్‌ఏ పరీక్షలకంటే చాలా ముందే మొదలైంది. 1940లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఇర్విన్, స్టార్మాంట్ తదితరులు ఒక పశువు రక్తాన్ని మరో పశువుకు ఎక్కించి, అందులో పుట్టే ప్రతిరక్షకాలతో ఎర్ర రక్తకణాల మీది గుర్తులను వేరుచేశారు. మనుషుల్లో ఏ, బీ, ఏబీ, ఓ గుంపులు నాలుగైతే, పశువుల్లో ఒక్క ‘బీ’ వ్యవస్థలోనే వందల రకాలు బయటపడ్డాయి. అంత వైవిధ్యం ఉండటంతో దూడ తండ్రి ఎవరో తేల్చడానికి ఈ పరీక్ష బాగా పనికొచ్చింది. ఆబోతు వీర్యాన్ని అమ్మే సంస్థలకూ, వంశావళి పుస్తకాలు నడిపే సంఘాలకూ దశాబ్దాలపాటు ఇదే ఆధారమైంది.

ఈ పని పశువుల దగ్గరే ఆగలేదు. కవల దూడల్లో ఒకదాని రక్తకణాలు మరొకదానిలో జీవితాంతం నిలిచిపోతున్నాయని రే ఓవెన్ 1945లో చూపించాడు. శరీరం పరాయి కణాలను ఎప్పుడు సహిస్తుంది, ఎప్పుడు సహించదు అన్న ప్రశ్నకు దారి చూపింది ఆ పరిశీలనే. ఆ తోవలో సాగిన కృషికి 1960లో బర్నెట్, మెడావర్‌లకు నోబెల్ వచ్చింది.

ఏ రక్తవర్గం ఏ జాతిలో ఎంత శాతం ఉందో పట్టికలు వేస్తూ పోయేసరికి జాతుల మధ్య దూరాలను లెక్కగట్టడం కూడా మొదలైంది. తండ్రిని తేల్చే పరీక్షను జాతిని తేల్చే పరీక్షగా వాడటం అప్పుడే అలవాటైంది. నేటి గందరగోళానికి మూలాలు కొంత ఆ అలవాటులోనే ఉన్నాయి. రెండు ఆబోతుల్లో ఈ దూడకు తండ్రి ఎవరు అన్న ప్రశ్నకు వైవిధ్యం ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఈ దూడ ఏ జాతిది అన్న ప్రశ్నకు మాత్రం వైవిధ్యం ఉంటే సరిపోదు. అది జాతుల మధ్య పంచుకుపోయి ఉండాలి.

‘బోలా’ రంగప్రవేశం

తెల్ల రక్తకణాల మీద ఉండే గుర్తులు ఎర్రకణాల గుర్తులకన్నా ముఖ్యమైనవని మనుషుల్లో, ఎలుకల్లో అప్పటికే తెలిసింది. ఈ గుర్తులను తయారుచేసే జన్యువుల సముదాయమే ఎంహెచ్‌సీ. దాన్ని వెలికితీసినందుకు బెనసెరాఫ్, డాసే, స్నెల్ 1980లో నోబెల్ అందుకున్నారు. ఇది చేసే పని స్థూలంగా ఇదీ: శరీరంలోకి వచ్చిన సూక్ష్మజీవి ప్రొటీన్ ముక్కలను ఎంహెచ్‌సీ అణువులు కణం ఉపరితలం మీదికి తెచ్చి పట్టి ఉంచుతాయి, టీ కణాలు వాటిని చూసి శత్రువును గుర్తిస్తాయి. 1974లో ఈ సంబంధాన్ని బయటపెట్టిన జింకర్‌నాగెల్, డోహర్టీ 1996లో నోబెల్ పొందారు. వీరిలో డోహర్టీ చదివింది పశువైద్యమే.

పశువుల ఎంహెచ్‌సీని 1978లో అమొరెనా, స్టోన్ ఒకవైపు, స్పూనర్ బృందం మరోవైపు వివరించారు. దానికి స్థిరపడిన పేరు ‘బోలా’. ఇది పశువుల 23వ క్రోమోజోము మీద ఉంది. ఇందులో జాతుల చర్చకు కేంద్రమైనది డీఆర్‌బీ3 అనే జన్యువు. సూక్ష్మజీవి ముక్కను పట్టుకునే గాడి రూపాన్ని నిర్ణయించేది ఈ జన్యువులోని రెండో ఎక్సాన్ (ప్రొటీన్ తయారీకి సూచనలుండే ముక్క). తేడాలన్నీ ఎక్కువగా పోగుపడినదీ అక్కడే. ఈ జన్యువుకు ఉన్న వేర్వేరు రూపాలను అల్లీళ్లు అంటారు. ఒక్కో పశువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండే వస్తాయి. ప్రపంచ పశువులన్నిటిలో కలిపి ఇప్పటికి గుర్తించినవి మాత్రం మూడు వందలకు పైమాటే.

1992లో వాన్ ఐక్ బృందం చౌకైన పద్ధతి ఒకటి రూపొందించింది. ఆ ఎక్సాన్ భాగాన్ని పీసీఆర్‌తో పెంచి, మూడు ఎంజైములతో కోసి, ముక్కల పొడవులను బట్టి అల్లీల్ ఏదో చెప్పడం ఆ పద్ధతి. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు కాబట్టి ఇరాన్ నుంచి అర్జెంటీనా వరకు, మన దేశంలోనూ స్థానిక జాతుల మీద అధ్యయనాలు వరసకట్టాయి. నేటి వాదానికి కావలసిన సమాచారంలో పెద్ద భాగం ఈ పద్ధతితో వచ్చిందే.

మొదటి వాదం: తేడాలెక్కువ చోటే గుర్తింపు సులువు

ఈ పక్షం వాళ్లు చెప్పేది సూటిగా ఉంటుంది. ఒక్క డీఆర్‌బీ3లోనే ఒక మందలో ఇరవై, ముప్పై అల్లీళ్లు దొరుకుతాయి. ఏ అల్లీల్ ఎంత శాతం ఉందన్నది జాతిని బట్టి మారుతుంది. కొన్ని అల్లీళ్లు ఒక జాతిలో తరచుగా కనిపించి పక్క జాతిలో అసలు కనిపించవు. పైగా ఈ తేడాలు ఊరికే వచ్చినవి కావు. పిడుదులు, వాటి ద్వారా వచ్చే థైలేరియా, గాలికుంటు వంటి వ్యాధులతో ఆ ప్రాంతంలో తరతరాలుగా సాగిన పోరాటపు ముద్ర వాటిలో ఉంది. ప్రాంతానికీ జాతికీ ఉన్న ఈ బంధాన్ని పట్టిచ్చే జన్యువులు ఇంతకుమించి ఏమున్నాయన్నది వాళ్ల ప్రశ్న.

ఈ వాదానికి గట్టి ఊతం స్థూల విభజనలో దొరుకుతుంది. మూపురమున్న పశువులు, మూపురంలేని యూరప్ పశువులు రెండు వేర్వేరు అడవి మూలాల నుంచి మచ్చికైనవని 1994లో లాఫ్టస్, బ్రాడ్లీ తదితరులు తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఆధారంగా చూపించారు. ఆ రెండు వంశాలు విడిపోయి లక్షల ఏళ్లయింది. డీఆర్‌బీ3 శాతాలతో గీసిన వంశవృక్షాల్లోనూ ఈ చీలిక స్పష్టంగా కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలోని మూపురపు పశువుల మీద తకెషిమా, జోవాంబత్తిస్తా, ఐదా తదితరులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఆ మందలు యూరప్ జాతులకు దూరంగా ఒక గుంపుగా నిలిచాయి.

రెండో వాదం: ఆ తేడాలు జాతులకన్నా పాతవి

ఎదురు పక్షం అభ్యంతరాలు మూడు. మొదటిది కాలానికి సంబంధించినది. వంశావళి రాసుకుని జాతులను విడదీసే ఆచారం పశువుల్లో కొత్తది. షార్ట్‌హార్న్ జాతికి కోట్స్ పుస్తకం వచ్చింది 1822లో. ఎంహెచ్‌సీ అల్లీళ్ల వయసు లక్షల, ఒక్కోసారి కోట్ల ఏళ్లు. ఒకే అల్లీల్ వంశం ఆవుల్లోనూ అడవిదున్నల జ్ఞాతులైన బైసన్‌లలోనూ కనిపించడానికి కారణం ఇదే. ఎక్కువ రకాల అల్లీళ్లున్న మందే వ్యాధులను తట్టుకుంటుంది కాబట్టి ప్రకృతి వాటిని అన్ని మందల్లోనూ కాపాడుతూ వస్తుంది. దీన్ని సంతులన వరణం అంటారు. జాతులు విడిపోయినా అల్లీళ్లు విడిపోనివ్వని శక్తి ఇది. అలాంటి జన్యువులో జాతి హద్దులు వెతకడం వృథా ప్రయాస అంటారు వీళ్లు.

రెండో అభ్యంతరం పోలికల గురించి. ఒకే రకం వ్యాధి ఒత్తిడి ఉన్న రెండు దూర ప్రాంతాల్లో ఒకే అల్లీల్ పెరగవచ్చు. అప్పుడు సంబంధంలేని రెండు జాతులు బంధువుల్లా కనిపిస్తాయి. మూడోది సంఖ్యకు సంబంధించినది. 23వ క్రోమోజోము మీది ఈ జన్యువులు చాలావరకు కట్టగా కలిసే తరువాతి తరానికి దిగుతాయి. ఎన్ని అల్లీళ్లున్నా మొత్తం మీద అది జన్యుసంపదలో ఒక్క చోటి కథే. జాతి చరిత్ర తెలియాలంటే వేర్వేరు క్రోమోజోములపై చెల్లాచెదురుగా ఉన్న, ఏ వరణ ఒత్తిడీ లేని తటస్థ గుర్తులు కావాలి.

అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పశువుల వైవిధ్యాన్ని కొలవడానికి ముప్పై మైక్రోశాటిలైట్ల (చిన్న డీఎన్‌ఏ క్రమం పదేపదే వచ్చే చోట్ల) జాబితాను సిఫారసు చేసింది. 2009లో హియర్‌ఫోర్డ్ ఆవు జన్యుక్రమం పూర్తిగా వెలువడ్డాక వేలకొద్దీ ఎస్‌ఎన్‌పీ గుర్తులను, అంటే డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం తేడాలను, ఒక్క చిప్ మీద చదివే రోజులొచ్చాయి. 2014లో డెకర్ బృందం 134 జాతులను ఈ పద్ధతిలో పోల్చి, ప్రపంచ పశుజాతుల్లో ఏ వంశాలు ఎంతెంత కలిశాయో పటం గీసింది. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021 ఆగస్టులో విడుదల చేసిన ‘ఇండిగౌ’ చిప్ మీద 11,496 గుర్తులున్నాయి. గిర్, కాంక్రేజ్, సాహివాల్, ఒంగోలు వంటి దేశవాళీ జాతుల కోసం తయారుచేసినది అది. చేతిలో ఇలాంటి సాధనముండగా ఒక్క డీఆర్‌బీ3తో కుస్తీ ఎందుకన్నది ఈ పక్షపు ముగింపు మాట.

మూడో వాదం: అడగాల్సిన ప్రశ్న వేరు

ఇటీవల బలపడుతున్న మధ్యస్థ ధోరణి ఈ రెండింటిలో దేన్నీ కొట్టిపారేయదు. తటస్థ గుర్తులు మంద ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాయి, రోగనిరోధక జన్యువులు ఆ మంద దగ్గర ఏ శక్తి ఉందో చెబుతాయి అంటుంది. యూరప్, జపాన్ పశువుల్లో జరిగిన పని దీనికి ఉదాహరణ. పశువుల ల్యుకీమియా వైరస్ సోకినా శరీరంలో దాని భారాన్ని తక్కువగా ఉంచే అల్లీల్‌గా డీఆర్‌బీ3*009:02ను, భారం పెరగడానికి తోడయ్యే అల్లీల్‌గా *016:01ను గుర్తించారు. ఒక మందలో ఈ రెండింటి శాతాలు తెలిస్తే దాని జాతి పేరు తెలియకపోయినా పశువైద్యుడికి ఉపయోగమే.

రోగనిరోధక జన్యువు ఒక వంశాన్ని కచ్చితంగా పట్టిచ్చిన సందర్భం కూడా ఒకటుంది. అది ఎంహెచ్‌సీకి బయటిది. హోల్‌స్టీన్ దూడలను చిన్నప్పుడే బలితీసుకునే బ్లాడ్ అనే వ్యాధిలో తెల్లకణాలు రక్తనాళం దాటి గాయం దగ్గరికి చేరలేవు. సీడీ18 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం దీనికి కారణం. ఆ మార్పు 1952లో పుట్టిన ఆస్‌బోర్న్‌డేల్ ఐవన్‌హో అనే ఆబోతు వీర్యం ద్వారా ప్రపంచమంతా పాకింది. కాబట్టి మన దగ్గరి పశువులో ఆ మార్పు కనబడితే అందులో హోల్‌స్టీన్ రక్తం ఉందని చెప్పవచ్చు. కనబడకపోతే మాత్రం ఏమీ చెప్పలేం, ఎందుకంటే హోల్‌స్టీన్లలోనూ ఎక్కువ వాటికి అది ఉండదు. కొత్తది, ఒకే మూలం నుంచి వచ్చినది అయిన మార్పు వంశాన్ని పట్టిస్తుంది; పాతది, అందరూ పంచుకున్నది పట్టించదు. రెండు పక్షాల మధ్య తగవు తీర్చే సూత్రం నిజానికి ఇదే. ఎంహెచ్‌సీ అల్లీళ్లలో చాలావరకు రెండో కోవకు చెందినవి.

ఒంగోలు లెక్క: ఒకే అంకె, మూడు అర్థాలు

ఈ వాదమంతా తెలుగు నేల మీద ఎలా వర్తిస్తుందో చూడటానికి మంచి ఆధారం 2012లో వెలువడిన ఒక అధ్యయనం. డి.ఎన్. దాస్ బృందం దక్షిణాదిలోని మూడు జాతుల్లో డీఆర్‌బీ3ను ఎంజైము పద్ధతితో పరీక్షించింది. పశ్చిమ కనుమల పొట్టి జాతి మల్నాడ్ గిడ్డలో 37 అల్లీళ్లు, కన్నడ సీమలోని పని పశువు హళ్లికార్‌లో 29, ఒంగోలులో 21 దొరికాయి.

మొదటి పక్షం ఈ అంకెలను చూసి మూడు జాతులకూ మూడు ముద్రలున్నాయి, గుర్తింపు సాధ్యమే అంటుంది. రెండో పక్షం మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్న అల్లీళ్లను చూపించి, ఒక పశువును తెచ్చి ఇది ఏ జాతిదో దీనితో చెప్పండి చూద్దాం అంటుంది. మూడో పక్షం దృష్టి వేరే చోట పడుతుంది. గుండ్లకమ్మ పరీవాహకంలో పుట్టి, రూపం కోసం, బలం కోసం ఎంచిన కొద్ది ఆబోతులతో దాటిస్తూ వచ్చిన ఒంగోలులో అల్లీళ్లు తగ్గడం, కొండల్లో మనిషి ఎంపిక అంతగా సోకని మల్నాడ్ గిడ్డలో ఎక్కువగా ఉండటం సంరక్షణకు సంబంధించిన హెచ్చరిక కావచ్చు అంటుంది.

‘కావచ్చు’ అనక తప్పదు. దొరికే అల్లీళ్ల సంఖ్య పరీక్షించిన పశువుల సంఖ్య మీద ఆధారపడుతుంది. మందలో ఒక శాతం ఉన్న అల్లీల్‌ను తీసుకుందాం. 50 పశువుల రక్తం తీస్తే, అంటే వంద క్రోమోజోములు చూస్తే, అది ఒక్కసారి కూడా కనిపించకపోవడానికి సుమారు 37 శాతం అవకాశముంది. 150 పశువులైతే ఆ అవకాశం 5 శాతానికి పడిపోతుంది. నమూనాల పరిమాణాన్ని సమం చేయకుండా ‘ఈ జాతిలో ఈ అల్లీల్ లేదు’ అనే ప్రకటనలు చేస్తే నిలబడవు.

ఒంగోలు కథలో సముద్రం దాటిన అధ్యాయం ఇంకా ఆసక్తికరం. నెల్లూరు పేరుతో బ్రెజిల్ చేరి నెలోర్‌గా స్థిరపడిన ఈ పశువులు నేడు అక్కడి మాంసపు మందల్లో సింహభాగం. 19వ శతాబ్దంలో మొదలైన దిగుమతులు 1960ల మొదటి వరకు సాగాయి. చివరి విడతల్లో వెళ్లిన ఆబోతుల్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరు పెట్టుకున్న ఆబోతు అక్కడ బాగా ప్రసిద్ధి. వెళ్లిన పశువులు కొన్ని వేలే. లక్షల మందలు తయారైంది స్థానిక ఆవులను తరాలపాటు ఈ ఆబోతులతో దాటించడం వల్ల. 1999లో మెయిరెల్లెస్ బృందం అచ్చమైన మూపురపు పశువుల్లా కనిపించే బ్రెజిల్ నెలోర్లలో చాలావాటిలో తల్లివైపు మైటోకాండ్రియా డీఎన్‌ఏ యూరప్ వంశానిదని చూపింది. కంటికి వంద శాతం ఒంగోలు, తండ్రుల వంశంలో ఒంగోలు, తల్లి గీతలో మాత్రం యూరప్ పశువు. ఈ పశువును ఏ గుర్తుతో కొలిచినా ఆ గుర్తు చెప్పగలిగినంతే తెలుస్తుంది. వ్యాధి ఒత్తిడి వేరైన బ్రెజిల్‌లో ఆ తల్లుల నుంచి వచ్చిన బోలా అల్లీళ్లు ఎన్ని నిలిచాయి, ఒంగోలు నుంచి వెళ్లినవి ఎన్ని నిలిచాయి అన్న పోలిక ఈ రంగానికి దొరికిన సహజ ప్రయోగం. ప్రకాశం జిల్లా మందలను, నెలోర్‌ను ఒకే పద్ధతితో, పూర్తి క్రమం చదివి పక్కపక్కన పెడితేనే దాని ఫలితం తెలుస్తుంది.

ఏ ప్రశ్నకు ఏ గుర్తు? ఒక పోలిక

| అడిగే ప్రశ్న | రోగనిరోధక జన్యువులు | తటస్థ గుర్తులు, చిప్‌లు |
|---|---|---|
| మూపురపు వంశమా, యూరప్ వంశమా? | మంద స్థాయిలో బాగా చెబుతాయి | ఇంకా కచ్చితంగా, కలిసిన పాళ్లతో సహా చెబుతాయి |
| ఈ ఒక్క పశువు ఏ జాతిది? | ఒంటరిగా నమ్మదగినవి కావు | సరిపోల్చే మందల సమాచారం ఉంటే చెబుతాయి |
| దూడకు తండ్రి ఎవరు? | తోడ్పడతాయి | స్థిరపడిన పద్ధతి |
| మంద ఇరుకు వంశంలోకి పోతోందా? | వ్యాధి నిరోధక వైవిధ్యం వరకు చెబుతాయి | మొత్తం జన్యుసంపద మేరకు చెబుతాయి |
| ఏ వ్యాధిని తట్టుకోగలదు? | నేరుగా సంబంధించినవి | పరోక్షంగా మాత్రమే |

పట్టికను నిలువుగా కాకుండా అడ్డంగా చదవాలి. ఏ గుర్తు గొప్పదన్న ప్రశ్నకు ఇందులో సమాధానం లేదు. ఏ పనికి ఏది అన్నదానికే ఉంది.

రిజిస్టరులో పేరులేని పశువులు

జాతుల చర్చ ఎప్పుడూ పేరున్న పశువుల చుట్టూనే తిరుగుతుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 19.35 కోట్ల ఆవులు, ఎద్దుల్లో విదేశీ, సంకరజాతులు 5.14 కోట్లు. మిగతా 14.21 కోట్ల దేశవాళీ పశువుల్లో అధిక భాగం ఏ నమోదిత జాతికీ చెందని నాటు పశువులే. జార్ఖండ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ గణనలో ఈ రాష్ట్రపు ఆవులు, ఎద్దుల సంఖ్య అంతకుముందు గణనకంటే 28 శాతం పెరిగి 1.12 కోట్లకు చేరింది. జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్ వంటి పేటల్లో స్థిరపడిన తెలుగువారికి ఒంగోలు గిత్త, పుంగనూరు ఆవు గర్వకారణాలే. నగరం దాటి తూర్పు సింగ్‌భూమ్ పల్లెల్లోకి వెళ్తే దుక్కి దున్నుతూ కనిపించేది మాత్రం చిన్న ఒంటి నాటు పశువు. దాని దగ్గర వంశావళి పుస్తకం లేదు, పెద్ద పేరు లేదు. పక్కనే ఒడిశాలో మల్కన్‌గిరి మోటు, ఘుమ్సరి, బింఝార్‌పురి, ఖరియార్ జాతులు ఒక్కొక్కటిగా నమోదయ్యాయి. తెలంగాణలో నల్లమల అంచున అమ్రాబాద్ ప్రాంతపు మచ్చల పశువు ‘పొడ తూర్పు’గా గుర్తింపు పొందింది.

వీటిలో ఏదీ రోగనిరోధక జన్యువుల ఆధారంగా జాతి కాలేదు. పెంచే సమాజం, పుట్టిన నేల, ఒంటి లక్షణాలు జాతిని నిర్ణయించాయి. డీఎన్‌ఏ తోడుగా వచ్చింది. అయితే నాటు పశువుల విషయంలో రోగనిరోధక జన్యువులకు వేరే విలువ ఉంది. ఎంపిక తక్కువ జరిగిన మందల్లోనే అల్లీళ్ల నిల్వ ఎక్కువగా ఉండొచ్చని మల్నాడ్ గిడ్డ అంకె సూచిస్తోంది. ముద్దచర్మ వ్యాధి దేశంలో మొదట 2019లో ఒడిశాలోనే కనిపించింది. తూర్పు రాష్ట్రాల నాటు పశువుల్లో దాన్ని తట్టుకున్నవేవి, వాటి బోలా రూపాలేవి అన్న ప్రశ్న జాతి పేరుకన్నా పాడి రైతుకు దగ్గరిది.

ఇంకా తేలనివి

*కొలత పద్ధతి.* ఎంజైము పద్ధతి యూరప్ పశువుల అల్లీళ్లను చూసి రూపొందినది. వేర్వేరు క్రమాలున్న రెండు అల్లీళ్లు ఎంజైములు కోసేచోట ఒకేలా ఉంటే ఒకే పేరు పడుతుంది. మూపురపు పశువుల్లో కొత్త క్రమాలు ఎక్కువ కాబట్టి పాత పట్టికల్లోని సామ్యాలు ఎన్ని నిజమో, ఎన్ని పద్ధతి కప్పిపుచ్చినవో క్రమాలు చదివితే తప్ప తెలియదు. పైగా ఎంజైము నమూనాలకు ఒక నామకరణం, క్రమాలకు మరో నామకరణం ఉండటంతో పాత, కొత్త అధ్యయనాలను నేరుగా జోడించడం కష్టం.

*గణాంకాల పరిమితి.* జాతుల మధ్య దూరాన్ని కొలిచే ఎఫ్‌ఎస్‌టీ సూచికతో ఒక చిక్కుంది. మందలోపల వైవిధ్యం (0 నుంచి 1 వరకు కొలిస్తే) 0.9 ఉంటే, రెండు మందల్లో ఒక్క ఉమ్మడి అల్లీల్ లేకపోయినా ఆ సూచిక 0.1 దాటదు. వైవిధ్యం 0.6 ఉన్న గుర్తులో అది 0.4 దాకా వెళ్లగలదు. డీఆర్‌బీ3 లాంటి వైవిధ్యమెక్కువున్న గుర్తులో దూరం తక్కువ వచ్చిందంటే జాతులు కలిసిపోయాయనే అర్థం కాదని హెడ్రిక్, ఆ తర్వాత జోస్ట్ చెప్పింది ఇదే. రెండో పక్షం వాదానికి ఆధారమైన అంకెలు కొన్ని ఈ దిద్దుబాటు తర్వాత నిలవకపోవచ్చు.

*మొదటి తరగతి జన్యువులు.* అధ్యయనాల్లో ఎక్కువభాగం డీఆర్‌బీ3 దగ్గరే ఆగింది. వైరస్‌ల విషయంలో కీలకమైన మొదటి తరగతి బోలా జన్యువులు ఆరు. ఒక్కో కట్టలో వాటిలో ఒకటి నుంచి మూడు మాత్రమే పనిచేస్తుంటాయి. ఏవి పనిచేస్తాయన్నది కట్టను బట్టి మారుతుంది. ఇది కూడా తేడాయే. ఒకే జన్యువును చదివే పద్ధతులకు మాత్రం ఇది అందదు. 2020లో బ్రాహ్మన్ పశువు జన్యుక్రమం పొడవాటి ముక్కలుగా చదివి పేర్చిన తీరు ఈ సమస్యకు దారి చూపింది. ఒంగోలు, పుంగనూరులకు అలా కట్టలవారీగా చదివిన క్రమాలు కావాలి.

*వరణమా, యాదృచ్ఛికమా?* ఒక మందలో ఒక అల్లీల్ ఎక్కువగా ఉంటే వ్యాధిని తట్టుకున్నందువల్లా, లేక ఊళ్లో అందరూ ఒకే ఆబోతును వాడినందువల్లా? చిన్న మందల్లో ఈ రెంటినీ వేరుచేయడం కష్టం. ఒకప్పుడు బాగా తగ్గిపోయి మళ్లీ పెంచుతున్న పుంగనూరు వంటి జాతిలో ఈ ప్రశ్న మరీ పదునైనది. తటస్థ గుర్తులనూ రోగనిరోధక జన్యువులనూ అవే పశువుల్లో కలిపి చదివినప్పుడే సమాధానానికి దారి దొరుకుతుంది.

ఇప్పటికి చెప్పగలిగింది

వాదం ముదరడానికి అసలు కారణం మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా చూడటం. మంద ఏ వంశానిది అన్నది ఒకటి. ఈ పశువు ఏ జాతిది అన్నది రెండోది. ఈ మంద దగ్గర ఏ నిరోధక శక్తి ఉంది అన్నది మూడోది. రోగనిరోధక జన్యువులు మొదటిదానికి మూపురపు, యూరప్ వంశాల స్థాయిలో సమాధానమిస్తాయి. రెండోదానికి వాటిని నమ్ముకుని ధ్రువపత్రం ఇవ్వడం సరికాదు. బోలా పరీక్షతో ‘అసలు పుంగనూరు’ అని ఎవరైనా అమ్మజూపితే ఆ మాటకు శాస్త్రం మద్దతు లేదు. మూడోదానికి మాత్రం వాటికి సాటివచ్చే గుర్తులు లేవు.

దీన్నిబట్టి చేయవలసినదీ స్పష్టమవుతుంది. జాతి నిర్ధారణను చిప్‌కూ, పెంపకందారుల సమాజానికీ వదిలేయాలి. బోలాను ఆబోతుల ఎంపికలో వాడాలి. గుంటూరు లాం, చదలవాడ, పలమనేరు వంటి క్షేత్రాల్లో దాటించే ఆబోతులను ఎంచేటప్పుడు రూపం, పాల దిగుబడితో పాటు ఒకే బోలా కట్ట పదేపదే రాకుండా, అరుదైన రూపాలు జారిపోకుండా చూడటం ఇప్పుడున్న సాధనాలతో సాధ్యమే. మంద పెరిగినా అల్లీళ్లు తరిగిపోతే ఆ పెరుగుదల పైపైదే. రక్త నమూనాలు తీసేటప్పుడు ఆ పశువు ఏ వ్యాధికి గురైంది, ఎలా కోలుకుంది అన్న వివరం కూడా రాసి ఉంచితే పదేళ్ల తర్వాత ఇదే సమీక్షను మరింత కచ్చితమైన అంకెలతో రాయవచ్చు.